తరుగులో పోయిన పుణ్యం – వ్యాపార ధర్మంపై చిప్పగిరి నుంచి ఒక పాఠం



కార్తీక శుద్ధ దశమి వస్తుందంటే మా చిప్పగిరికి కొత్త కళ వస్తుంది. శ్రీ విజయదాసుల వారి ఆరాధన ఆ రోజే. 1755లో ఆయన దేహం చాలించింది ఇక్కడే. గుంతకల్లు వైపు నుంచి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి, బళ్లారి, రాయచూరు నుంచి జనం వస్తారు. మా వైపు ఇళ్లల్లో తెలుగు, కన్నడం రెండూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి దాసుల పదాలు ఎవరికీ పరాయివి కావు.

ఈసారి వీడియోలో ఆరాధన విశేషాలు చెబుతూ చివర్లో ఒక్క మాట అన్నాను: "వడ్డించిన అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి" అని. ఆ మాటకు వివరం అడుగుతూ చాలామంది రాశారు. వారిలో ఒక యువకుడి ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. "స్వామీ, నేను పనిచేసే కంపెనీ యజమాని ప్రతి ఏడాదీ గుడికి లక్షలు ఇస్తాడు. మాకు మాత్రం జీతం మూడు నెలలకోసారి. ఆయనకు పుణ్యం వస్తుందా?"

వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదిది. అందుకే ఈ పాఠం.

1. ముందు నా తప్పు చెప్పుకోవాలి

ఈ విషయం గురించి మాట్లాడే అర్హత నాకు శాస్త్రం చదివినందువల్ల రాలేదు. తప్పు చేసినందువల్ల వచ్చింది.

ఈ ఛానెల్ మొదలుపెట్టక ముందు ఏడేళ్లు నేను ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తాని. ఆదోని అంటే పత్తి. సీజన్‌లో ఏ రోడ్డు చూసినా పత్తి బోరేల బండ్లే. కాటా దగ్గర కూర్చుని తూకం రాయడం, తరుగు తీయడం, చీటీ ఇవ్వడం నా పని.

తరుగు అంటే తెలియనివారి కోసం చెబుతాను. పత్తిలో తేమ ఉంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లకు కూడా పత్తి ధర ఇచ్చినట్టవుతుంది. కాబట్టి కొంత తగ్గించుకోవడం న్యాయమే. కాటన్ కార్పొరేషన్ కొనుగోళ్లలో కూడా 8 శాతం తేమకు పూర్తి ధర, అంతకు మించితే దానికి తగినట్టు ధర తగ్గింపు, 12 శాతం దాటితే కొనరు. అక్కడ మీటరు పెట్టి చూస్తారు. మా మిల్లులో మీటరు ఉండేది, అయితే బీరువాలో ఉండేది. నేను చేత్తో పత్తి పిసికి "తడి ఉందన్నా" అని క్వింటాలుకు మూడు కేజీలు కొట్టేసేవాణ్ణి. ఎండిన పత్తికీ మూడే, తడి పత్తికీ మూడే. యజమాని మాట అది.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. ఒక బండికి పది క్వింటాళ్లు అనుకుంటే 30 కేజీలు. రోజుకు 40 బండ్లంటే 12 క్వింటాళ్లు. అప్పటి ధర క్వింటాలు రెండు వేల రూపాయల లెక్కన రోజుకు 24 వేలు. అరవై రోజుల సీజన్‌కు 14 లక్షల 40 వేలు. ఇందులో నిజంగా తడిసిన పత్తికి పోయేది కొంత ఉంటుంది, కాదనను. మిగిలినదంతా రైతు ఇంటి సొమ్ము.

అదే యజమాని ఏటా గుడి దగ్గర అన్నదానం చేయించేవాడు. బ్యానరు కట్టేవాళ్లం. మొత్తం ఖర్చు లక్ష రూపాయలు దాటేది కాదు. ఒక ఏడాది నేనే పప్పు వడ్డిస్తున్నాను. వరుసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. వారం కిందటే ఆయన పత్తికి నేను తరుగు కొట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. కోపం లేదు, నవ్వుతూనే అన్నాడు: "మా తరుగే మాకు వడ్డిస్తాండావు కదప్పా. కొంచెం ఎక్కువ ఎయ్యి."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

అప్పుడే ఉద్యోగం మానేశానని మీరు అనుకోవచ్చు. మానలేదు. చెల్లెలి పెళ్లి అప్పు ఉంది. ఇంకో రెండేళ్లు అదే కాటా దగ్గర కూర్చున్నాను. మీటరు బయట పెడదామని ఒకసారి అడిగాను, "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. చూసుకున్నాను. ఆ రెండేళ్ల పాపం యజమానిది మాత్రమే కాదు, చీటీ రాసిన చేతిది కూడా. ఇది ఒప్పుకోకుండా నేను మీకు ధర్మం చెప్పలేను.

2. దుకాణం వదిలినవాడు, దుకాణంలోనే ఉండిపోయినవాడు

విజయదాసుల వారికి స్వప్నంలో "విజయవిఠల" అంకితం ఇచ్చింది పురందరదాసుల వారని మన సంప్రదాయం చెబుతుంది. ఆ పురందరదాసులు పూర్వాశ్రమంలో ఎవరు? శ్రీనివాస నాయకుడు. రత్నాలు, వడ్డీ వ్యాపారం చేసే నవకోటి నారాయణుడు.

ఆ కథ మీకు తెలుసు, అయినా ఈ కోణంలో ఒకసారి వినండి. ఒక పేద బ్రాహ్మణుడు కొడుకు ఉపనయనానికి సాయం అడుగుతూ వచ్చాడు. నాయకుడు లేదనలేదు. "రేపు రా" అన్నాడు. ఆ రేపు నెలల తరబడి సాగింది. విసిగిపోయిన బ్రాహ్మణుడు నాయకుడి భార్య దగ్గరికి వెళితే ఆ తల్లి తన ముక్కుపుడక తీసి ఇచ్చింది. అది మళ్లీ నాయకుడి దుకాణానికే అమ్మకానికి వచ్చింది. గుర్తుపట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసి ఇంటికి పోయాడు. ముక్కుపుడక ఏదని అడిగితే ఆమె విషం తాగబోయింది. ఆ గిన్నెలోనే ముక్కుపుడక కనబడింది. దుకాణానికి వచ్చి చూస్తే పెట్టె ఖాళీ. ఆ రోజుతో ఆస్తంతా దానం చేసి, విజయనగరంలో వ్యాసరాయల వారిని ఆశ్రయించి దాసుడయ్యాడు.

మనం ఈ కథను వైరాగ్యం గురించి చెప్పుకుంటాం. కానీ గమనించారా? నాయకుడు దొంగతనం చేయలేదు. దొంగ తూకం వేసినట్టు కథలో లేదు. ఆయన తప్పు "రేపు రా" అనడం. ఇవ్వవలసిన చోట ఇవ్వకుండా తిప్పడం. మన యువకుడు అడిగిన "జీతం మూడు నెలలకోసారి" కూడా ఇదే కదా?

సరే, అందరం ఆస్తి పంచి తంబురా పట్టుకోలేం. మరి వ్యాపారం చేసేవాడికి దారి లేదా? ఉంది. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు తులాధారుడి కథ చెబుతాడు.

జాజలి అనే ముని కదలకుండా తపస్సు చేశాడు. ఆయన జడల్లో పక్షులు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు ఎగిరిపోయేదాకా నిలబడ్డాడు. అప్పుడు "నా అంతటివాడు లేడు" అనుకున్నాడు. కాశీలో తులాధారుడనే వర్తకుడు నీకన్నా గొప్ప అని ఆకాశవాణి పలికింది. జాజలి వెళ్లి చూస్తే ఆయన అంగట్లో కూర్చుని సరుకులు అమ్ముతున్నాడు. తులాధారుడు చెప్పిన సారం ఇంతే: ఏ ప్రాణికీ ద్రోహం లేకుండా, లేదా వీలైనంత తక్కువ హాని జరిగేలా బతుకుతాను, మోసం లేకుండా అమ్ముతాను, నా తక్కెడ అందరికీ సమానం.

ముని వెళ్లి కోమటి దగ్గర పాఠం నేర్చుకున్నాడు! తులాధారుడు అన్నదానం చేశాడని, గోపురం కట్టాడని ఆ కథలో గొప్పగా చెప్పలేదు. ఆయన తక్కెడే ఆయన తపస్సు.

3. మన పక్కనే ఒక తులాధారుడు

పురాణం దూరంగా అనిపిస్తే ఎమ్మిగనూరు దాకా రండి.

చేనేత పని తెలిసినవాళ్లకు ఈ బాధ తెలుసు. నూలు ఒకరి దగ్గర అప్పుగా తెచ్చుకోవాలి. నేసిన చీర వాళ్లకే వాళ్లు చెప్పిన ధరకు ఇవ్వాలి. మగ్గం నేతగాడిది, లాభం మధ్యవాడిది. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘాన్ని నిలబెట్టారు. సహకార సంఘం పద్ధతి ఏమిటంటే, నూలు సంఘం ఇస్తుంది, నేతగాడు నేసి కూలి తీసుకుంటాడు, అమ్మకం సంఘం చూసుకుంటుంది, మిగిలిన లాభంలో నేతగాడు కూడా వాటాదారే. 1954లో ప్రభుత్వం సోమప్ప గారిని పద్మశ్రీతో గౌరవించింది.

ఇక్కడి పాఠం ఏమిటి? నేతగాణ్ణి ముందు పీడించి, పండక్కి అతనికే పంచె పెట్టడం ఒక పద్ధతి. పీడన జరగకుండా వ్యాపారాన్నే మలచడం ఇంకో పద్ధతి. మొదటిది దానం. రెండోది ధర్మం. దానానికి బ్యానరు కావాలి. ధర్మానికి లెక్కల పుస్తకం చాలు.

ఇలాంటిదే ఇంకొకటి జంషెడ్‌పూర్‌లో కనబడుతుంది. అక్కడి టాటా ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం పెట్టారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దానికి చాలా తర్వాతే వచ్చింది. చట్టం కర్ర పట్టుకుని రాకముందే చేసింది కాబట్టే దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

4. చట్టం ఏం చెబుతుంది?

ఇప్పుడు "సీఎస్ఆర్" అనే మాట పల్లెల్లో కూడా వినిపిస్తోంది. "ఆ కంపెనీ సీఎస్ఆర్ కింద బడికి బెంచీలు ఇచ్చింది" అంటారు. అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ దీన్ని తప్పనిసరి చేసింది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

అన్ని కంపెనీలకూ ఇది వర్తించదు. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా వర్తిస్తుంది. గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం చదువు, ఆరోగ్యం, తాగునీరు, పర్యావరణం లాంటి పనులకు ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి.

చట్టం ఏవి లెక్కలోకి రావని చెబుతుందో అది ఇంకా ముఖ్యం. తన వ్యాపారంలో మామూలుగా చేసే పని సీఎస్ఆర్ కాదు. తన ఉద్యోగులకు మాత్రమే మేలు చేసేది సీఎస్ఆర్ కాదు. రాజకీయ పార్టీలకు ఇచ్చే చందా సీఎస్ఆర్ కాదు. అంటే జీతాలు, పీఎఫ్, భద్రత, ఇవన్నీ నీ బాకీలు. బాకీ తీర్చి దానం చేశానని చెప్పుకోవద్దు అని చట్టమే అంటోంది.

రెండు శాతం గురించి గొడవపడేవాళ్లను చాలామందిని చూశాను. నేను అడిగేది మిగతా తొంభై ఎనిమిది శాతం గురించి. అది ఎలా వచ్చింది? చట్టం రెండింటి దగ్గర ఆగవచ్చు, చిత్రగుప్తుడి పద్దు నూరింటికీ ఉంటుంది.

5. 108 బండి, సత్యం లెక్కలు

తెలుగువాళ్లం మరచిపోకూడని ఒక ఉదాహరణ ఉంది. ఎవరినీ నిందించడానికి కాదు, నేర్చుకోవడానికి చెబుతున్నాను.

సత్యం కంప్యూటర్స్ మన తెలుగువాళ్ల గర్వం. ఆ కుటుంబం ఫౌండేషన్ పెట్టి పల్లెల్లో నీళ్లు, చదువు, వైద్యం కోసం పనిచేసింది. ఈరోజు ప్రాణం మీదికి వస్తే మనం నొక్కే 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది కూడా వారి చొరవతోనే. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఆ బండి! 2008లో ఆ కంపెనీకి ఉత్తమ కార్పొరేట్ పాలనకు అవార్డు కూడా వచ్చింది.

2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు గారే ఉత్తరం రాసి, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నారు. పులి మీద స్వారీ చేస్తున్నవాడికి ఎలా దిగాలో తెలియనట్టు తన పరిస్థితి అయిందని ఆ ఉత్తరంలోనే పోల్చుకున్నారు. ఒక్కరోజులో షేరు కుప్పకూలింది. దాదాపు 50 వేల మంది ఉద్యోగుల బతుకు గాలిలో వేలాడింది. ఇచ్చిన అవార్డు వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం కొత్త బోర్డును వేసి, ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వచ్చాక కంపెనీ నిలబడింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీలు మీద ఆ శిక్ష నిలిపివేసి బెయిలు ఇచ్చారు.

మరి 108 బండి చేసిన మేలు అబద్ధమా? కాదు. బతికినవాళ్లు నిజంగానే బతికారు. ఆ మేలు నిజం. లెక్క అబద్ధం కావడం కూడా నిజమే. ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు. పుణ్యం, పాపం రెండూ వేర్వేరు పద్దులు, ఒకదాంట్లోంచి ఇంకొకదానికి మార్పిడి లేదు. ఇదే ఈ పాఠానికి గుండెకాయ.

యువకుడి ప్రశ్నకు నా జవాబు ఇది నాయనా: మీ యజమాని ఇచ్చిన డబ్బుతో ఆకలి తీరిన మనిషి ఉన్నాడు కాబట్టి ఆ మేలు ఎక్కడికీ పోదు. నీకు ఇవ్వని జీతం మాత్రం దానివల్ల తీరిపోదు. అది బాకీగానే ఉంటుంది.

6. ఈ ఏడాది మాకు వచ్చిన పరీక్ష

ఇదంతా చెప్పడం సులభం. మొన్న ఆరాధనకు ముందు ఒక మిల్లు యజమాని ఫోన్ చేశారు. పేరు అవసరం లేదు. "మీరు చేసే అన్నదానం ఖర్చు మొత్తం నాది, వీడియోలో నా పేరు చెప్పండి చాలు" అన్నారు. మాకు అది పెద్ద మొత్తం. ఒప్పుకునేవాళ్లమే. అయితే ఆయన దగ్గర పనిచేసే హమాలీలకు రెండు నెలల కూలి రావలసి ఉందని మా బృందంలో ఒక పిల్లవాడు చెప్పాడు. వాళ్ల నాయనే అక్కడ హమాలీ.

మళ్లీ ఫోన్ చేసి మర్యాదగానే అన్నాను: "అన్నా, ముందు హమాలీల కూలి ఇచ్చెయ్యండి. తర్వాత మీరు పది రూపాయలు ఇచ్చినా కళ్లకద్దుకుని తీసుకుంటాం." కాసేపు అవతల మాట లేదు. తర్వాత "నువ్వు నాకు ధర్మం చెప్తావా?" అని పెట్టేశారు.

ఆ డబ్బు రాలేదు. ఊళ్లో ఇంటికింత బియ్యం, కందిపప్పు పోగుచేశాం. మూడు రోజులు అనుకున్న అన్నదానం ఒక్క రోజే జరిగింది. రెండో రోజు దూరం నుంచి వచ్చినవాళ్లకు మేము పెట్టలేకపోయాం. "ఆకలితో వచ్చినవాళ్లకు ఆ డబ్బు ఎవరిదైతే ఏంటి?" అని మాలో ఇద్దరు ఇప్పటికీ నాతో వాదిస్తారు. వాళ్ల మాటలో న్యాయం లేదని నేను అనలేను. ఖాళీ విస్తరి చూస్తే నాకూ కష్టంగానే అనిపించింది. కానీ ఆ హమాలీ కొడుకు చేత ఆ అన్నం వడ్డించమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఒకప్పుడు నా చేతిలో ఆగిన గరిటె నాకు తెలుసు.

7. ఈ వారం సాధన

వ్యాపారం ఉన్నవారు, ఉద్యోగం చేసేవారు ఇద్దరూ చేయవలసినవి కొన్ని రాస్తున్నాను. జపంతో పాటు ఇవీ చేయండి.

ఒకటి, తూకం. మీ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా, గడువు దాటిందా చూసుకోండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. అంకెలు కొనేవాడికీ, అమ్మేవాడికీ ఇద్దరికీ కనబడేలా పెట్టండి. తేమ మీటరు ఉంటే బీరువాలోంచి బయటికి తీయండి.

రెండు, కూలి. జీతంలో పీఎఫ్ కోసి, దాన్ని కట్టకుండా వాడుకోవడం అంటే ఇంకొకరి ముడుపు విప్పుకోవడమే. అది చట్టం దృష్టిలో కూడా నేరమే. తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి.

మూడు, చిన్నవాడి బిల్లు. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొంటే, ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతుంది. దాటితే వడ్డీ కట్టాలి. "రేపు రా" అనే ముందు శ్రీనివాస నాయకుణ్ణి గుర్తు చేసుకోండి.

నాలుగు, గుమాస్తాల కోసం. తప్పు చీటీ రాయమంటే ఒక్కసారైనా నోరు తెరిచి అడగండి. ఇంటి పరిస్థితి వల్ల వెంటనే వదల్లేకపోతే మిమ్మల్ని నేను తప్పుపట్టను, నేనూ వదల్లేదు. కానీ అది తప్పు కాదని మాత్రం మనసుకు నచ్చజెప్పుకోకండి. ఆ నొప్పి ఉండనివ్వండి, అదే ఒకరోజు బయటికి తెస్తుంది.

ఐదు, దానం తీసుకునేవాళ్లం మనం. గుడి కమిటీలు, భజన మండళ్లు, మా లాంటి ఛానెళ్లు. బ్యానరు మీద పేరు రాసే ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: "మీ దగ్గర పనిచేసేవాళ్లకు ఇవ్వవలసింది ఇచ్చేశారా?"

ఇంతకీ ఆ పెద్దాయన సంగతి చెప్పలేదు. మిల్లు మానేశాక ఆయన ఊరికి వెళ్లాను. ఆయన పత్తికి నేను కొట్టిన తరుగు నాకు గుర్తున్నంత వరకు లెక్కగట్టి డబ్బు తీసుకెళ్లాను. ఆయన తీసుకున్నాడు. వద్దనలేదు, పొగడలేదు. రెండుసార్లు లెక్కపెట్టుకుని, నడుముకు దోపుకుని, "సరిపోయిందప్పా. మజ్జిగ తాగుతావా?" అన్నాడు.

ఆ మజ్జిగ తాగుతుంటే నాకు తులాధారుడి తక్కెడ అర్థమైంది. ఆ కాటా దగ్గర ఇంకా ఎందరి బాకీలో నా మీద ఉన్నాయి. ఆ ముఖాలన్నీ నాకు గుర్తులేవు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, క్షమించమని అడుగుతున్నాను.

వచ్చే పాఠంలో విజయదాసుల వారి శిష్యపరంపర గురించి చెప్పుకుందాం.

శ్రీకృష్ణార్పణమస్తు.